ఉడుకు గుంత

ఉరుకుందమ్మ మగ్గం గుంతలో కాళ్లు దించి నేసి నాలుగు నెలలైంది. మోకాళ్లు బిగుసుకుపోయాయి. తైలాలు, మాత్రలు, సూదులు అన్నీ అయ్యాయి. సగం నేసిన చీర మగ్గం మీదే దుమ్ము పట్టింది.

అందుకే మొగుడు శేషన్న ఆమెను ఎమ్మిగనూరు నుంచి ఆటోలో తుంగభద్ర ఇసుక తిన్నెకు తీసుకొచ్చాడు. ఎండాకాలంలో ఏరు వెనక్కి తగ్గినప్పుడు అక్కడ మోకాలి లోతు తవ్వితే చాలు, ఉడుకు నీళ్లు ఊరతాయి. నొప్పులున్నవాళ్లు గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు. లేచాక ఎవరి గుంత వాళ్లే పూడ్చాలి. అది అక్కడి కట్టుబాటు.

గుంతలు తవ్వే యేసేపు పార తెచ్చేలోపు, ఉరుకుందమ్మకు పక్కనే ఒక గుంత కనిపించింది. అంచులు చెక్కినట్టు, అచ్చం మగ్గం గుంతలా ఉంది. ముప్పై ఏళ్ల అలవాటు. ఆలోచించకుండానే అంచున కూర్చుని కాళ్లు దించేసింది.

వేడి ఎముక దాకా తగిలింది. పాదాలు వాటంతట అవే మగ్గం తొక్కుడు చెక్కల కోసం వెతికాయి.

దొరికాయి.

ఎడమ పాదం కింద ఇసుకలో ఏదో దిగింది. అది దిగగానే కుడి పాదం కింద మరొకటి లేచింది. ఎడమ, కుడి. ఎడమ, కుడి. మోకాళ్లు నొప్పనలేదు.

"ఏమయ్యా, నా కాళ్లు ఆడతాండాయి సూడు."

"ఇంగేం, నన్ను తన్నేకి పనికొస్తాయి" అన్నాడు శేషన్న, కళ్లు తుడుచుకుంటూ.

పార భుజాన వేసుకుని వచ్చిన యేసేపు మాత్రం నవ్వలేదు. "ఈ గుంత ఎవరు తవ్వినారక్కా?"

"ముందే ఉండె కదప్పా."

"ఉండేకి లేదు. పోయిన ఎండాకాలం సుంకమ్మకని నేనే తవ్వినా. నీ మాదిరే మగ్గమామె. ఈడనే, కూసున్నది కూసున్నట్టే పానం పోయింది. నేనే పూడ్చినా. ఆ మీద ఏరు గూడా పారింది."

ఉరుకుందమ్మ పాదాలు ఆగాయి. కింద ఉన్నవి ఆగలేదు.

శేషన్న ఆమెను చంకల కింద పట్టి పైకి లాగాడు. ఆమె నిలబడింది. నాలుగు నెలల తర్వాత, ఎవరి ఆసరా లేకుండా.

యేసేపు పార ఆమె చేతికిచ్చాడు. "నీ చేత్తోనే పూడ్చక్కా. వచ్చింది వచ్చినకాడికే పోతాది."

"నా నొప్పి?"

అతను ఏటివైపు చూశాడు. "అది గూడా నీకాడికే వస్తాది."

ఉరుకుందమ్మ గుంతలోకి చూసింది. పారను ఇసుకలో గుచ్చి, పూడ్చకుండానే ఆటో వైపు నడిచింది. శేషన్న ఆమెను అందుకోలేకపోయాడు.

మరునాడు పొద్దున్నే మగ్గం దుమ్ము దులిపి కూర్చుంది. గుంత గోడలు వెచ్చగా తగిలాయి. చేతులూ కాళ్లూ పాత వరసలో పడ్డాయి. మధ్యాహ్నానికి మూర గుడ్డ దిగింది.

"సాల్లే, అన్నం తిందువు రా" శేషన్న గడపలోంచి పిలిచాడు.

ఆమె రెండు కాళ్లూ గుంతలోంచి తీసి పైన పెట్టుకుంది.

కింద ఒక చెక్క దిగింది. మరొకటి లేచింది.

"నువ్వు తినయ్యా" అంది ఉరుకుందమ్మ, పోగు దాటించే నాడె అందుకుంటూ. "ఈమె లేస్తే కదా నేను లేసేది."