ఎర్ర గౌను మొక్కు

ఈ ఎర్ర గౌనును ఇస్త్రీ చేయడం ఇవాళే ఆఖరు. ఇస్త్రీపెట్టె మెడపట్టీ మీద సాగుతూంటే, నా గుండె దానికన్నా ముందు పరుగు తీస్తోంది. పదింటికి ఆసుపత్రిలో మా తింతిన్‌కు చివరి సూది. రెండున్నరేళ్ల రక్తక్యాన్సర్ వైద్యానికి ఈ రోజుతో సెలవు. ఆరేళ్ల పిల్ల, కొత్తగా మొలిచిన జుట్టును అరచేత్తో తడుముకుంటూ మంచం మీద గెంతుతోంది.

"అమ్మా, ఇంక బండి మీద పచ్చిమామిడి తినొచ్చా? రొయ్యల ముద్ద అద్దుకుని?"

"తినొచ్చు."

"రెండు?"

"రెండూ తినొచ్చు!"

సూది పడగానే బాలయేసు గుడికి వెళ్లి, దండం పెట్టి, ఈ ఎరుపును విడిచేస్తాను. తలుపు వెనుక నీలం గౌను ఎదురుచూస్తోంది. తెల్లచుక్కలది. నేను ఎంచుకున్నది.

జబ్బు పేరు తెలిసిన రోజున, ఆ గుడి రాతినేల మీద మోకరిల్లి అత్తయ్య మొక్కుకుంది: "స్వామీ, వైద్యం ముగిసేదాకా నా కోడలు నీ అంగీ ఎరుపే వేసుకుంటుంది." ఆ క్షణాన నేను ఆసుపత్రిలో, వాంతి చేసుకుంటున్న బిడ్డ నుదురు పట్టుకుని ఉన్నాను. సాయంత్రానికి మూడు ఎర్ర గౌన్లు తయారై వచ్చాయి. మా ఇంట్లో మొక్కే నోరు ఒకరిది, చెల్లించే ఒళ్లు మరొకరిది. మా ఆయన ఎఫ్రెన్ కూడా మొక్కుకున్నాడు, బీరు మానేస్తానని. పుట్టినరోజులకు మాత్రం తాగుతాడు. "బాలయేసు కూడా పిల్లాడే కదా, పండగంటే సరదాపడతాడులే" అంటాడు. మా సెబూ దీవి రేవులో ఓడ టిక్కెట్లు ఇచ్చే కిటికీ దగ్గర నా ఉద్యోగం. "ఏం చెల్లీ, ఎర్రదీపంలా కూర్చున్నావ్, ఓడ ఆగాలా, పోవాలా?" అని ప్రయాణికులు నవ్వేవారు. అది విని మేనేజరు, "యూనిఫారం కాదు కదా మెర్లిటా, లోపలి గదిలో కాగితాలు చూసుకో" అన్నాడు. నేను పని నేర్పిన పిల్లలు ఇప్పుడు ఆ కిటికీలో కూర్చుంటున్నారు. నాకు మాత్రం నమ్మకం లేదా? జ్వరం కొలిచిన ప్రతిసారీ, రక్తకణాల అంకె దిగిన ప్రతిసారీ, బాలయేసును పిలిచాను. నా ప్రార్థనకు రంగు లేదు, అంతే.

అత్తయ్య ఒక పొట్లంతో లోపలికి వచ్చింది.

"మడతలు పోయేలా చెయ్యవే. ఇంకో అయిదేళ్లు వేసుకోవాలి."

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. "అదేంటత్తయ్యా? చివరి సూది దాకా అన్నారుగా?"

"అయిదేళ్లు తిరగబెట్టకపోతేనే నయమైనట్టని డాక్టరమ్మ అందా లేదా? నిన్న గుడికెళ్లి మొక్కు పొడిగించొచ్చాను. ఇదిగో, తల్లితోపాటు పిల్ల కూడా." పొట్లంలోంచి ఒక చిన్న ఎర్ర గౌను తీసి మంచం మీద పరిచింది.

బూట్లు తొడుక్కుంటున్న ఎఫ్రెన్ తలెత్తలేదు. "వేసుకుంటే పోయేదేముంది మెర్లీ? వేసుకోక, రేపేదైనా అయితే నువ్వు తట్టుకోగలవా?"

రెండున్నరేళ్లుగా నా లోపల నక్కి ఉన్న భయం అదే. ఒక్క రోజు మరచినా, ఒక్క గుండీ ఊడినా, బిడ్డ రక్తం మళ్లీ పాడవుతుందేమోనని వణికిన భయం. నా ఒక్కదాని కోసమైతే ఈసారి కూడా తలవంచేదాన్నేమో. కానీ తింతిన్ గెంతడం మానేసింది. సూదులకు బెదరని ఆ కళ్లు ఆ గుడ్డను చూసి బెదిరాయి.

"అమ్మా, నేనిది వేసుకోకపోతే మళ్లీ జబ్బొస్తుందా?"

ఇస్త్రీపెట్టె తీగ పీకేశాను. పిల్ల ముందు మోకరిల్లాను.

"రాదు నాన్నా. బట్టలు చూసి జబ్బు రాదు, బట్టలు చూసి పోలేదు. మందులు పనిచేశాయి, బాలయేసు తోడున్నాడు. ఉత్తి గౌనుకే అలిగేంత చిన్నబుద్ధి కాదు ఆయనది."

లోపలి గదిలోకి వెళ్లి తెల్లచుక్కల నీలం వేసుకుని వచ్చాను. ఒంటికి గాలి తగిలినట్టయింది. తింతిన్ చప్పట్లు కొట్టి మళ్లీ గెంతింది.

"ఏదైనా అయితే?" ఎఫ్రెన్ గొంతు సన్నబడింది.

"మళ్లీ వైద్యం చేయిద్దాం. కానీ తన గౌను వల్లే జబ్బొచ్చిందని నా కూతురు ఏనాడూ అనుకోకూడదు."

"అయ్యో, ఆయనకు మాటిచ్చానే!" అత్తయ్య గుండె మీద చేయి వేసుకుంది.

ఇంకా వెచ్చగా ఉన్న ఎర్ర గౌనును నాలుగు మడతలు పెట్టి, రెండు చేతులతో, ప్రసాదం ఇచ్చినంత మర్యాదగా ఆమె చేతుల్లో ఉంచాను.

"మాటిచ్చింది మీరు కదత్తయ్యా. కొలతలు చెప్పండి, సాయంత్రంలోగా మీకు సరిపోయేలా కుట్టించి పెడతాను."