మాత్ర వేసుకున్నాక

ఉమాశ్రీ మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగి. అత్తగారు సుబ్బలక్ష్మికి ఈమధ్యే కంటి ఆపరేషన్ జరిగింది. పొయ్యి దగ్గరికి వెళ్లొద్దన్నారు కాబట్టి, ఆవిడ తిండీ మందులూ చూసుకునేందుకు ఉమాశ్రీ ఇంటి నుంచే పని చేస్తోంది.

ఆ రోజు పొద్దున షుగరు మాత్ర ఆవిడ చేత మింగించి, దోసెలకు పెనం పెట్టబోతుంటే ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. క్లయింటు వాళ్లు మీటింగు ముందుకు జరిపారట. ఇప్పుడే వచ్చేస్తానత్తయ్యా అని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

మీటింగు సాగుతూనే ఉంది. మధ్యలో సుబ్బలక్ష్మి తలుపు కొంచెం తెరిచి ఏదో అనబోయింది. కెమెరా ఆన్‌లో ఉంది. అందరూ చూస్తున్నారన్న బెరుకులో ఉమాశ్రీ కాకిని తోలినట్టు చెయ్యి విసిరింది. ఆవిడ తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

ఉమాశ్రీ బయటికొచ్చేసరికి అత్తగారు సోఫాలో ఓ పక్కకు ఒరిగి ఉంది. జాకెట్టు చెమటతో తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. పిలిస్తే, బస్సు వచ్చిందా అంటోంది. ఉమాశ్రీ ఆవిడ మింగగలుగుతోందని చూసుకుని చక్కెర నీళ్లు గుక్కగుక్కగా తాగించింది. కాస్త తెలివి రాగానే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లింది.

డాక్టర్ రాజేందర్ మాత్రల అట్ట చూసి, ఇది వేసుకున్నాక ఏమైనా తిన్నారా అని అడిగాడు. లేదని ఉమాశ్రీ తల అడ్డంగా ఊపింది.

“ఈ గోలీ కడుపుల ఉన్న క్లోమాన్ని ఇన్సులిన్ వదలమని నెడ్తదమ్మా,” అన్నాడాయన నెమ్మదిగా. “ఆ ఇన్సులిన్ రక్తంల ఉన్న చక్కెరను కండలకు పంపుతది. మనం తిన్నమా లేదా గోలీకి తెల్వదు. తినకపోతే ఉన్న చక్కెర గూడ పడిపోతది, మెదడుకు చాలదు. ఇంక జర ఆలస్యమైతే పెద్దామె స్పృహ తప్పేది.”

మాత్ర ప్రభావం ఇంకా ఉంటుందని అక్కడే ఉంచుకుని, మాటిమాటికీ చక్కెర చూస్తూ వచ్చారు.

సంగతి తెలిసి ఉమాశ్రీ భర్త రంగనాథ్ పరుగున వచ్చాడు. ఏం జరిగిందని అడగ్గానే సుబ్బలక్ష్మే అందుకుంది.

“నాదే తప్పురా. అమ్మాయి టిఫిన్ పెడతానంటే ఆకలి లేదన్నాను.”

అతను తల్లిని మందలించాడు. వయసొచ్చేకొద్దీ మొండితనం ఎక్కువవుతోందన్నాడు. ఆవిడ తల వంచుకుని వింది. ఊరుకుంటే గండం గడిచిపోయేదే. కాసేపు ఉమాశ్రీ ఊరుకుంది కూడా. అలా ఊరుకోగలిగినందుకే ఆమెకు తన మీద తనకు ఎక్కువ రోత పుట్టింది.

“అత్తయ్య మాట నిజం కాదండీ,” అంది. “ఆకలేసి నా గది దాకా వచ్చారు. నేనే చేత్తో పొమ్మన్నాను.”

టీ తెస్తానని రంగనాథ్ బయటికి నడిచాడు. నాలుగు తిట్టినా బాగుండుననిపించిందామెకు.

“వాడికెందుకు చెప్పావమ్మా,” అంది సుబ్బలక్ష్మి, దుప్పటి సర్దుకుంటూ.

ఉమాశ్రీ ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుంది గానీ, మొహం ఎత్తలేకపోయింది.