పెద్దమ్మ నల్లకోటు

ఆ విందుల హాల్లో పనిచేసేవాళ్ళు లోపలికి వచ్చేది వెనక గుమ్మంలోంచి. గుమ్మం దాటగానే ఎడమ గోడకి నిలువెత్తు అద్దం ఒకటుండేది. ఎంత ఆలస్యమైనా సరే, ముందు దాని ముందు నిలబడ్డాకే ఎవరైనా కదలాలి. జుట్టు ముడి గట్టిగా ఉందా, గోళ్ళు కత్తిరించుకున్నామా, బూడిదరంగు కోటు గుండీలన్నీ పెట్టామా, మెడలోనో చేతికో మెరిసేదేమైనా మిగిలిపోయిందా అని చూసుకోవడం ఒకటి. సాయంత్రం ఏ అవతారంలో ఇంటికి పోతామో చూసుకోవడం రెండోది. ఎందుకంటే ఆ అద్దంలో మొహం అప్పటిదే కనిపించేది గానీ, ఒంటిమీద బట్టలు మాత్రం పని ముగించుకుని బయటపడేటప్పటివి కనిపించేవి.

దాని గురించి ఎవరూ పెద్దగా అనుకునేవాళ్ళు కాదు. కాలరు మీద మరక కనిపిస్తే మారు చొక్కా ఒకటి సిద్ధం చేసుకునేవాళ్ళు. తడిసి ముద్దయి కనిపిస్తే గొడుగు కోసం ఇంటికి పరిగెత్తేవాళ్ళు. గొడుగు తెచ్చుకున్నా తడిసేవాళ్ళే అనుకోండి, అది వేరే సంగతి. ఒకసారి గిన్నెలు కడిగే ఆయన తన చొక్కాకి పచ్చరంగు అంటినట్టు చూసి, ఎలా అంటుతుందో చూస్తానని పంతం పట్టి రోజంతా స్టోరు గదిలో తలుపేసుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి బయటినుంచి ఆ తలుపుకే రంగు వేసిపోయారు. ఆ తర్వాత అద్దంతో పంతాలకి ఎవరూ పోలేదు. అది బట్టలు చూపిస్తుంది, కారణాలు చూపించదు. తుడిచే ఆవిడ మిగతా అద్దాలతో పాటే దాన్నీ తడిగుడ్డతో తుడిచి పోయేది.

వడ్డించే అమ్మాయిల్లో అందరికంటే చిన్నదాన్ని కంగారమ్మ అనేవాళ్ళు. ఎందుకలా అనేవాళ్ళో ఆమె చేతిలో ఓ గ్లాసు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. చేతులు వణుకుతాయి. ఎవరైనా చూస్తున్నారంటే ఇంకా వణుకుతాయి. మందుల కొట్లో సీసాలు పగిలాయి, కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు పగిలాయి, ఎక్కడా నాలుగు కాలాలపాటు నిలవలేదు. ఇక్కడికి ఉద్యోగానికి వచ్చినప్పుడు కూడా, తాగమని ఇచ్చిన నీళ్ళ గ్లాసు చేజారి అక్కడే ముక్కలైంది. అయిపోయిందిరా బాబూ అనుకుని లేవబోతుంటే, ఎదురుగా కూర్చున్న పెద్దమ్మ గాజుపెంకుల వంక కూడా చూడకుండా, రేపు పొద్దున్నే జుట్టు ముడేసుకుని రమ్మంది.

పెద్దమ్మ అంటే ఎవరికీ సొంత పెద్దమ్మ కాదు. హాలు మొత్తానికి సూపర్‌వైజరు. అందరివీ బూడిదరంగు కోట్లయితే ఆవిడ ఒక్కదానిదే నల్లకోటు. అక్కడి రూల్సన్నీ ఆవిడ రాసినవే. అతిథులు చూస్తుండగా పరిగెత్తకూడదు. గొంతు పెంచకూడదు. మిన్ను విరిగి మీద పడ్డా సరే, హాల్లో ఒంటిమీది కోటు తీయకూడదు. తప్పు చేస్తే అక్కడికక్కడే దులిపేసేది. అంతటి మనిషీ కంగారమ్మ కోసం ఎక్కడా రాయని రూలు ఒకటి పెట్టింది. ఈ పిల్లకి వేడి గిన్నెలు ఇవ్వకూడదు, చెంచాలూ చేతిరుమాళ్ళూ చూసుకుంటుంది, అంతే. ఆ ఒక్క మాటతో కంగారమ్మకి రాత్రుళ్ళు నిద్రపట్టింది. ఆవిడ కోసం ప్రాణమైనా ఇచ్చేద్దామనిపించేది.

ఆ రోజు మధ్యాహ్నం పెద్ద విందు. ఎవరో కంపెనీవాళ్ళు తమ ఉద్యోగులకి బహుమతులిస్తున్నారు. హాలు ఓనరు కూడా స్వయంగా వస్తున్నాడని చెప్పుకుంటున్నారు. కంగారమ్మ గబగబా వచ్చి అద్దం ముందు నిలబడింది, చూసుకుంది, నమ్మలేక మళ్ళీ చూసుకుంది.

అద్దంలో ఆమె ఒంటిమీద నల్లకోటు ఉంది.

భుజాలు జారుతున్నాయి, చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. అంటే తన కోసం కుట్టించింది కాదు, పెద్దమ్మదే. వెనకాలే నిలబడ్డ పొడుగమ్మాయి, తన ముడి చూసుకుందామని తల పైకెత్తి, ముడి సంగతి మర్చిపోయి, కంగారమ్మ తల మీదుగా ఆ కోటు వంకే చూస్తూ ఉండిపోయింది. ఎవరికీ చెప్పొద్దని కంగారమ్మ ఆమె చెయ్యి పట్టుకుని బతిమాలింది. చెప్పనని పొడుగమ్మాయి ఒట్టు కూడా వేసింది. పొద్దుటి టీ వేళకి వంటవాళ్ళతో సహా అందరికీ తెలిసిపోయింది.

ఇక చూస్కోండి. నిన్నటిదాకా ఏయ్ అని పిలిచినవాడు ఇవాళ పక్కకి తప్పుకుని దారిచ్చాడు. ఒకామె తన సెలవు సంగతి కాస్త గుర్తుపెట్టుకోమంది. గిన్నెలు కడిగే ఆయనైతే, ఓనరుకి చుట్టమా అని చెవిలో అడిగి పోయాడు. కాదు మొర్రో అంటే, అలాగేలెండి అన్నాడు. ఆ లెండి వినగానే కంగారమ్మకి అసలు సంగతి తట్టింది. ఒక నల్లకోటు ఇద్దరి మీద ఉండదు కదా. తన మీదికి వచ్చిందంటే ఆవిడ మీదినుంచి పోయినట్టే. తనకి అన్నం పెట్టిన మనిషి పొట్ట తనే కొట్టబోతోందన్నమాట. అదీ ఇవాళే, సాయంత్రం లోపలే.

పెద్దమ్మకే చెప్పేస్తే మేలనుకుంది. తన తప్పేం లేదని, అద్దానికి మతిపోయిందని ఏదో ఒకటి చెప్పాలి. చెప్పాలనుకుంటూ వెళ్ళడం, గది గుమ్మం దాకా వెళ్ళి తిరిగి రావడం. చివరికి పెద్దమ్మే చూసి లోపలికి పిలిచింది.

బల్లగుడ్డలు ఇస్త్రీ చేసే గది అది. లోపల ఆవిరి, ఉక్క. ఏ రోజైనా ఆ గదిలోకి రాగానే పెద్దమ్మ కోటు విప్పి మేకుకి తగిలించేది. ఇవాళ చెమటలు కారుతున్నా విప్పలేదు. మెడ దాకా గుండీలు పెట్టుకుని, పెట్టుకున్నవి ఊడిపోలేదు కదా అని మళ్ళీ మళ్ళీ తడుముకుంటోంది.

"భుజాల దగ్గర వదులైందటగా నీకు," అంది పెద్దమ్మ, మడతపెడుతున్న గుడ్డ వంకే చూస్తూ.

"నేనేం అడగలేదు పెద్దమ్మా. నామీద ఒట్టు."

"అడిగావని ఎవరన్నారు? నీ పని నువ్వు చూసుకో." ఇంకో గుడ్డ తీసుకుంది. అది అప్పటికే మడతపెట్టి ఉంది, విప్పి మళ్ళీ మడతపెట్టింది. "ఇవాళ కాఫీ నువ్వు పొయ్యి."

కంగారమ్మ విన్నది సరిగ్గా విన్నానా అనుకుంది. ఓనరు కూర్చునే విందులో, పొగలు కక్కే కాఫీ, తన చేత్తో. పెద్దమ్మ తలెత్తలేదు. ఆ తలెత్తకపోవడం చూశాక సంగతి అర్థమైంది. తను పడెయ్యాలని ఇస్తోంది. పడేస్తే పంపించెయ్యొచ్చు. పంపించేస్తే నల్లకోటు వేసుకునేందుకు మనిషే ఉండదు. కంగారమ్మకి ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఏ మాటకామాట చెప్పుకోవాలి. అన్నాళ్ళ ప్రేమా ఒక అద్దం పాటి చెయ్యదా అనిపించింది. కానీ అలాగేనండి అని తప్ప ఇంకేమీ అనకుండా వచ్చేసింది.

వంటింట్లో కాఫీ దిగేదాకా గోడకి ఆనుకుని నిలబడింది. అలా నిలబడగా నిలబడగా, మెల్లిగా కోపం పోయి ఒక ఆలోచన వచ్చింది. పెద్దమ్మ కోరుకుంటున్నది మాత్రం తప్పేముంది? తను నిజంగానే పడేస్తే? వంటింటి తలుపు పక్కన తివాచీ పరిచిన మూల ఒకటుంది, అక్కడ అతిథులెవరూ కూర్చోరు. ఎవరి ఒంటిమీదా పడదు. పెద్ద చప్పుడవుతుంది, ఓనరు చూస్తాడు, తనని వెళ్ళిపొమ్మంటారు. ఇంకో కొట్టు, ఇంకో ఉద్యోగం. తనకిది కొత్తేం కాదు. పెద్దమ్మకైతే ఈ వయసులో ఎవరిస్తారు? అద్దం ఇప్పటిదాకా తప్పు చూపలేదు, నిజమే. ఒక్కసారి చూపించకూడదా? అలా నిశ్చయించుకుని కెటిల్ అందుకుంది. చిత్రమేమిటంటే, చేతులు వణకలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, చెయ్యి చెయ్యిలా ఉంది.

హాల్లో ఎవరో మైకు ముందు మాట్లాడుతున్నారు. కంగారమ్మ తివాచీ మూలకి వచ్చి ఆగింది. ఇప్పుడే అనుకుంది. వేళ్ళు వదలాలి, అంతే కదా. వదిలేలోపు ముందు బల్ల దగ్గరనుంచి ఓనరు చేత్తో పిలిచాడు, కాఫీ ఇటు తెమ్మని. గోడవారగా నిలబడి పెద్దమ్మ చూస్తోంది. పిలిచాక వెళ్ళకుండా ఎలా? వెళ్ళింది. కప్పులో పోద్దామని వంగుతుండగా, పక్క బల్ల దగ్గర ఎవరిదో పేరు పిలిచారు. బహుమతి వచ్చిన సంతోషంలో ఆ పెద్దమనిషి వెనకెవరున్నారో చూసుకోకుండా కుర్చీ ఒక్కసారిగా వెనక్కి తోసి లేచాడు.

కుర్చీ వచ్చి మోచేతికి తగిలింది. కాఫీ అతిథుల మీద పడకుండా కంగారమ్మ కెటిల్‌ని తనవైపు లాక్కుంది. సగానికి సగం ఆమె గుండెల మీదా ఎడమ చేతి మీదా ఒలికింది.

అరవలేదు. గొంతు పెంచకూడదు కదా. కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవి కారిపోతున్నాయి, పెదవి పళ్ళ కింద తెల్లబడిపోయింది. కెటిల్‌ని ఒలక్కుండా నిటారుగా పట్టుకుని నేర్పినది నేర్పినట్టుగా నిలబడింది. ముందు బల్ల దగ్గర చప్పట్లు కొడుతున్నవాళ్ళలో సగంమందికి ఏం జరిగిందో కూడా తెలీలేదు.

పెద్దమ్మ పరిగెత్తింది. ఆ హాల్లో ఆవిడ పరిగెత్తడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. వస్తూనే కెటిల్ లాగి పక్కన పడేసింది. గుండీలు తెగుతున్నా చూడకుండా పిల్ల కోటు ఊడబీకింది. అతిథుల బల్లమీది నీళ్ళ జగ్గులు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి ఆమె ఒంటిమీద కుమ్మరించింది. ఇంకా నీళ్ళు తెండని హాలు అదిరేలా అరిచింది. తడిసిన తెల్లచొక్కా ఒంటికి అతుక్కుపోయి, అంతమంది మగవాళ్ళ మధ్య పిల్ల ముడుచుకుపోతుంటే, తన నల్లకోటు విప్పి చుట్టూ కప్పింది. కప్పి, రెండు చేతులతోనూ దగ్గరికి పొదువుకుని వంటింట్లోకి తీసుకుపోయింది.

చాలాసేపు కుళాయి కింద పెట్టాక మంట కాస్త తగ్గింది. చెయ్యి ఎర్రగా పొంగింది గానీ ప్రాణానికి ఫరవాలేదని అతిథుల్లోనే ఉన్న డాక్టరమ్మ ఒకావిడ వచ్చి చూసి, మందు రాసి కట్టు కట్టి వెళ్ళింది. ఆవిడ అటు వెళ్ళగానే ఓనరు ఇటు వచ్చాడు. ఆయన ఎంత మెత్తగా మాట్లాడతాడంటే, తిట్టాడని ఇంటికెళ్ళాక గానీ తెలీదు.

"రూల్స్ మీరే రాశారు కదమ్మా," అన్నాడు పెద్దమ్మతో. "అంతమంది చూస్తుండగా మీరే అన్నీ దాటేస్తే, రేపు ఈ పిల్లలకి ఏ మొహంతో చెబుతారు?"

ఆయన కంగారమ్మ వైపు తిరిగాడు. "అంత కాలినా కిక్కురుమనలేదు చూడు, అదీ పద్ధతంటే. ఆ కోటు నీ మీదే ఉండనీ. రేపట్నించి హాలు నువ్వే చూసుకో."

పద్ధతి కాదండీ, భయం అందామనుకుంది కంగారమ్మ. ఆయన అప్పటికే వాచీ చూసుకుంటున్నాడు. ఇప్పుడు మాట్లాడకపోతే ఇంకెప్పుడూ మాట్లాడలేననిపించింది.

"పెద్దమ్మ లేకుండా నావల్ల కాదండీ. ఆవిడ ఉంటేనే నేనుంటాను."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "ఉండమను. బూడిదరంగు కోటులో," అని వెళ్ళిపోయాడు.

తను చేసింది మేలో కీడో కంగారమ్మకి తెలీలేదు. పెద్దమ్మ మొహం వంక చూసే ధైర్యం లేక కట్టు వంక చూసుకుంటూ కూర్చుంది. ఆవిడే వచ్చి పక్కన కూర్చుంది. కోటు లేని ఆవిడ ఆ వేళ మరీ చిన్నగా కనిపించింది.

"పొద్దున అందరికంటే ముందొచ్చాను," అంది పెద్దమ్మ. "అద్దంలో నా ఒంటిమీద కోటు లేదు. తర్వాత నీ సంగతి చెప్పారు. నువ్వు పడేస్తావనే కాఫీ నీకిచ్చాను. నిన్ను పంపేస్తే నాది నాకుంటుందని. పాపిష్టిదాన్ని. నీ ఒళ్ళు కాల్చాను."

"నాకు తెలుసు పెద్దమ్మా," అంది కంగారమ్మ. "నేనూ పడేద్దామనే తీసుకెళ్ళాను. నన్ను పంపేస్తే మీది మీకుంటుందని."

పెద్దమ్మ ఆమె వైపు తిరిగింది. కట్టులేని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, అది వణుకుతుంటే వణకనిస్తూ, చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. వంటింట్లో గిన్నెల చప్పుడు తగ్గింది. ఒక్కొక్కరే పని ముగించుకుని, ఇటు చూసీ చూడనట్టు వెళ్ళిపోయారు.

బయలుదేరే ముందు కంగారమ్మ కోటు విప్పబోతే పెద్దమ్మ విప్పనివ్వలేదు. లోపల చొక్కా ఇంకా తడిగా ఉంది, గాలి తగిలితే మండుతుందంది. ఇద్దరూ వెనక గుమ్మం దగ్గరికి వచ్చారు. అద్దం వంక చూడాల్సిన పని ఇద్దరికీ లేదు.

"రేపు వస్తారు కదా పెద్దమ్మా?" అంది కంగారమ్మ. అడగలేక అడిగింది. "రానంటే నేనూ మానేస్తాను. నేనేదో మంచి చేద్దామని అడిగాను, ఆయనేమో..."

"వస్తాను. ఇంట్లో కూర్చుని మాత్రం ఏం చేస్తాను?" అంది పెద్దమ్మ. "ఎన్నింటికి రమ్మంటావు?" అని అడిగింది.

అలవాటు లేని ప్రశ్న అది. కంగారమ్మ తల తిప్పి చూసింది. పెద్దమ్మ గోడవారగా ఒక అడుగు వెనక్కి తగ్గి, కొత్తగా చేరిన పిల్ల నిలబడ్డట్టు, చేతులు రెండూ ముందుకు కట్టుకుని జవాబు కోసం నిలబడి ఉంది. తను అలా నిలబడ్డట్టు ఆవిడకి తెలిసినట్టు లేదు.

కంగారమ్మ గబుక్కున వెళ్ళి, ఒక్క చేత్తోనే, ఆ చేతుల్ని విడదీసింది.