స్కూటర్ బావ వెనకాల

తోటివాడి బండి నడిరోడ్డు మీద ఆగిపోవాలని దేవుణ్ణి కోరుకోవడం పాపమా, కాదా అన్న సందేహం దొర మనసులో చాలా ఏళ్ళుగా ఉంది. ఆ కోరికలో చెడు లేదని అతని వాదన. బండి ఆగాలి గానీ ఆగినవాడికి దెబ్బ తగలకూడదు. ఎండ మండిపోతూ ఉండకూడదు. సరిగ్గా వెనకాలే తను ఉండాలి. ఇన్ని జాగ్రత్తలు చెప్పుకుని కోరే కోరికను పాపమంటారా? ఒకసారి ఉండబట్టలేక భార్యను అడిగాడు. ఆమె తోముతున్న గిన్నెలోంచి తల ఎత్తకుండానే, "దేవుడికి నీ మెకానిక్కు పనులు కూడా అంటగట్టకు, ఆయనకున్నవి చాలు," అంది.

ఆ రోజు పొద్దున కూడా అదే కోరిక కోరుకుంటూ బండి ట్యాంకు తుడుస్తున్నాడు. పాత బనీను గుడ్డ, అరచేతిలో మడత. ముందు ట్యాంకు, తర్వాత హెడ్‌లైటు చుట్టూ ఉన్న ఇనుప వలయం, ఆ తర్వాత సైలెన్సరు. ఇంట్లో దేవుడి పటానికి దండం పెట్టుకుని వచ్చి బండిని తుడుస్తాడో, బండిని తుడుస్తూనే దండం పెట్టుకుంటాడో ఇంట్లోవాళ్ళకి కూడా సరిగ్గా తెలియదు.

మరీ పెద్ద బండి కాదది. డబ్బున్నవాళ్ళ బళ్ళ పక్కన నిలబెడితే తమ్ముడిలా ఉంటుంది, ఆ వీధిలో బళ్ళ పక్కన నిలబెడితే పెద్దన్నలా ఉంటుంది. ఒళ్ళు పొడుగు, సీటు కిందికి, హ్యాండిలు రెండు కొసలూ మనిషిని రమ్మన్నట్టు వెనక్కి వంగి ఉంటాయి. దొర పొట్టివాడు, బక్కపలచనివాడు. వేరే బండి ఏది ఎక్కినా మునివేళ్ళ మీద వేలాడాల్సిందే. దీని మీద కూర్చుంటే మాత్రం రెండు పాదాలూ నిండుగా నేలకి ఆనుతాయి. అందుకే కొన్నాడు. ఎంతమంది ఎన్ని విధాలుగా నవ్వినా, అసలు కారణం మాత్రం అదే.

బొటనవేలు మీట మీద ఆనిందో లేదో బండి అందుకుంది. డుబుక్కు డుబుక్కుమని, తొందరలేని మనిషి మాట్లాడినట్టు. వానలో, చలిలో, నెల్లాళ్ళు కదలకుండా మూలన పడి ఉన్న తర్వాత కూడా అది ఒక్కనాడూ అతన్ని కాదనలేదు.

భార్య అన్నం క్యారేజీ తెచ్చి సీటు వెనక తగిలించింది. "ఫ్యాక్టరీలో ఇవాళే కదా బావకి ఆఖరు రోజు?"

"ఊఁ."

"మరి నీ బాకీ?"

"సాయంత్రం దాకా ఉందిగా."

"ఆ స్కూటర్ నీకంటే మొండిది. ఆగదు. ఊరికే ఆశ పెట్టుకోకు," అంది. అని, అతని మొహం చూసి చొక్కా కాలరు సరిచేసింది.

ఆ బాకీ సంగతి ఐసు ఫ్యాక్టరీలో గోడలకి కూడా తెలుసు. బండి కొన్న కొత్తలో దొరని దొర అనేవాళ్ళు కాదు. కొన్న మర్నాడు పొద్దున, ఉతికిన చొక్కా వేసుకుని, అవసరం లేకపోయినా ఇంటి చుట్టుపక్కల వీధులన్నీ తిరిగి, వంతెన ఎక్కాడు. వంతెన మధ్యలో బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మీట నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. వెనక నుంచి హారన్లు. అంత బండిని దిగి నెట్టబోతే అది అతన్నే నెట్టేసేలా ఉంది. అప్పుడొచ్చాడు తన డొక్కు స్కూటర్ మీద బావ. నిజానికి అతను దొరకి చుట్టమేం కాదు, ఫ్యాక్టరీలో జోడీ. అందరూ స్కూటర్ బావ అంటారు, దొర ఉత్త బావ అంటాడు. ఏమైందని అడగలేదు. "ఎక్కి కూర్చో, హ్యాండిలు పట్టుకో," అన్నాడంతే. స్కూటర్ నడుపుతూనే ఒక కాలు చాపి, కొత్త బండి వెనక ఫుట్‌రెస్టు మీద ఆనించి తోశాడు. వంతెన దిగి, బజారంతా దాటి, కూలీలు పనిలోకి వచ్చే వేళకి సరిగ్గా ఫ్యాక్టరీ గేటు దాకా ఆ చిన్న స్కూటర్ ఈ పెద్ద బండిని తోసుకొచ్చింది. ఊరంతా చూసింది.

గేటు తాత చుట్టూ తిరిగి చూసి, వంగి, ట్యాంకు కింద ఉన్న పెట్రోలు కుళాయిని వేలితో ఇటు తిప్పాడు. బండి వెంటనే అందుకుంది. కొత్త బండి, పెట్రోలు కారిపోతుందేమోనని దొర రాత్రి జాగ్రత్తగా కుళాయి కట్టేశాడు. పొద్దున తెరవడం మరిచాడు. గొట్టంలో మిగిలిన పెట్రోలుతో వీధులు చుట్టి వంతెన దాకా రాగలిగాడు.

"దొరగారిని పల్లకీలో మోసుకొచ్చావా బావా!" అన్నాడు తాత. ఆ రోజు నుంచి అతను దొర అయ్యాడు.

నవ్వులు అతనికి పెద్దగా తగల్లేదు. తగిలింది వేరే. బావ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. దొర భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండు షిఫ్టులూ అతనే చేశాడు. ఆ తర్వాత పండ్లు తీసుకెళ్ళి ఇస్తే, "పేషెంటు నేనా, మీ ఆవిడా?" అని తిప్పి పంపాడు. టీ ఇప్పిస్తే సాయంత్రానికల్లా టీ ఇప్పిస్తాడు. ఒంటరి మనిషి, చేతులు ఎప్పుడూ ఇవ్వడానికే చాస్తాడు. అలాంటివాడికి ఏం చేసి రుణం తీర్చుకోవాలి? ఒక్కటే దారి కనిపించింది దొరకి. ఆ స్కూటర్ ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది, అప్పుడు తను తోస్తాడు. ఆ ఆశతోనే ఇన్నేళ్ళూ సాయంత్రం పని దిగగానే బావ వెనకాలే, స్కూటర్ వేగానికి తన వేగం తగ్గించుకుని, అతని వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగేవాడు. స్కూటర్ పొగ కక్కేది, మూలిగేది, డొప్పలు గలగలమనేవి. ఆగేది మాత్రం కాదు.

ఫ్యాక్టరీలో ఆ రోజూ అన్ని రోజుల్లాగే మొదలైంది. లోపల అడుగు పెట్టగానే ముక్కు పుటాలు కోసే గ్యాసు వాసన, కాళ్ళ కింద తడి. ఉప్పునీటి తొట్టిలో మునిగి ఉన్న రేకు డబ్బాల వరస మీద చెక్క మూతలు. దొర గొలుసు లాగి డబ్బాలను పైకి ఎత్తుతాడు, మామూలు నీళ్ళలో ఒక్క మునక వేయిస్తాడు, వంచుతాడు. లోపలి ఐసు దిమ్మ పట్టు వదిలి జారుతుంది. బావ కొక్కెంతో దాన్ని అందుకుని, తడి చెక్కల మీద తోసుకుంటూ నలగ్గొట్టే మిషను దాకా తీసుకెళ్తాడు. ఎత్తు మనిషి, బరువైన మనిషి. దిమ్మను అతను లాగడు, దాంతో పాటు నడుస్తాడు, మొండి పశువుని మాటల్తో నడిపించినట్టు. ఇరవై ఏళ్ళకు పైబడి ఆ చలిలో, ఆ తడిలో నడిచి నడిచి కుడి మోకాలు కొయ్యబారింది. ఇంక చల్లటి చోట ఉండొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎండ బాగా కాసే ఊళ్ళో అక్క ఉంది. సామాన్ల వ్యాను సాయంత్రం వస్తుంది.

మిషను దగ్గర పనిచేసే, అందరూ వదిన అని పిలిచే ఆవిడ ఆ రోజు బావని దిమ్మలతో మిషను దాకా రానివ్వలేదు. తనే ఎదురొచ్చి సగం దారిలో అందుకుంటోంది.

"ఏమ్మా, నా పని నువ్వు తీసేసుకుంటే నేను ఆఖరి రోజు ఏం చెయ్యాలి, పాటలు పాడనా?"

"వద్దు బాబూ, ఐసు కరిగిపోతుంది," అంది వదిన.

అందరూ నవ్వారు. దొర నవ్వలేదు. గొలుసు లాగుతూ కిటికీలోంచి షెడ్డులో ఉన్న స్కూటర్ కేసి చూస్తున్నాడు. టైరులో గాలి నిండుగానే కనిపిస్తోంది. అటు చూసినందుకు మళ్ళీ తనే సిగ్గుపడి, స్వామీ, అతను క్షేమంగా వెళ్ళాలి, అదొక్కటి చాలు అనుకున్నాడు. అనుకుని, ఒక క్షణం ఆగి, ఇంటికి పావుమైలు ముందు స్కూటర్ ఆగినా చాలు అని చేర్చాడు.

చివరి దిమ్మ దగ్గర బావ వదిన మాట వినలేదు. "ఇది నాది," అని కొక్కెం వేశాడు. అందరూ పని ఆపి చూశారు. అతను దాన్ని మిషను దాకా నడిపించాడు. దించేటప్పుడు మాత్రం మోకాలు మడత పడనని మొరాయించింది. గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు.

షిఫ్టు దిగాక షెడ్డులో స్కూటర్ ఎక్కి, కిక్కు మీద కాలు పెట్టాడు. కాలు పైకి లేచింది కానీ కిందికి దిగలేదు. రెండోసారి అసలు లేవనే లేదు. గేటు తాత పరుగెత్తుకొచ్చాడు. "దిగు, నేను కొడతా." వదిన అంది, "ఒక్క తన్ను తంతే చాలు, నేను తన్నుతా లే." నిజమే. ఎవరు తన్నినా స్కూటర్ బయల్దేరేది.

బావ చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. షెడ్డు అవతల తన బండి పక్కన, ఎటు చూడాలో తెలియక నిలబడ్డ దొరని చూశాడు.

"ఏరా దొరా! చూస్తావేం? వచ్చి తొయ్యి."

"బండి బానే ఉంది కదా బావా," అన్నాడు దొర తెలివితక్కువగా.

"బండి బానే ఉంది. నేను బాలేను. ఇన్నేళ్ళు నా వెనకాల ఎందుకొస్తున్నావో నాకు తెలీదనుకున్నావా? పోలీసువాడు కూడా అంత శ్రద్ధగా వెంటబడడు. రా, పొద్దుపోతోంది."

పని బూట్లు మార్చుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా దొర బండెక్కాడు. మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, వాటి నిండా తొట్టిలోని ఉప్పునీళ్ళ తడి. తాత, వదిన స్కూటర్ని గేటు బయటికి నెట్టారు. దొర రెండో గేరు వేసి, ఎడమ కాలు తీసి చాపి, స్కూటర్ వెనక ఇనుప డొప్పకి ఆనించాడు. ఇక గేరు మార్చడానికి కాలు ఖాళీ లేదు. దారంతా రెండో గేరే. క్లచ్చు మెల్లిగా వదిలాడు. ఒక్క కుదుపు లేదు. ఇద్దరి బరువూ, రెండు బళ్ళ బరువూ అందుకుని అది నడక వేగంతో కదిలింది. ఇన్నాళ్ళూ దీనికోసమే ఆగినట్టు.

బజారు మొదట్లో కొట్టువాళ్ళకి అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడ్డారు. అప్పటి సంగతి తెలిసిన టైలరు మిషను ఆపి గుమ్మంలోకి వచ్చి, "ఇవాళ పల్లకీలో ఎవరయ్యా?" అని అరిచాడు. "నేనే!" అన్నాడు బావ, చెయ్యి ఊపుతూ. కొయ్యబారిన కాలు పక్కకి చాపి, రాజు సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. కూడలిలో పోలీసు ఆపమని చెయ్యెత్తాడు. వాళ్ళని పరకాయించి చూసి, ఆ చెయ్యి అటు తిప్పి అడ్డం వచ్చే బళ్ళని ఆపాడు.

వంతెన దగ్గర ఎత్తు మొదలైంది. దొర చాపిన కాలు తొడ దగ్గర్నుంచి వణుకుతోంది. బావ బరువైన మనిషి. బండి గొంతు బరువెక్కింది, డుబుక్కు డుబుక్కు మధ్య ఖాళీ పెరిగింది. ఆగిపోతుందేమో. ఎత్తులో ఆగితే రెండు బళ్ళూ వెనక్కి జారతాయి. బావ వెనక్కి తిరగలేదు, దిగనా అని అడగలేదు. హ్యాండిలు సూటిగా పట్టుకుని కూర్చున్నాడు, వెనకున్నవాడి మీద ఇంచుకైనా అనుమానం లేనివాడిలా. దొర పళ్ళు బిగించి యాక్సిలేటరు వెంట్రుకవాసి ఎక్కువిచ్చాడు. ఆ క్షణంలో అతనికి దేవుడు కూడా గుర్తు రాలేదు. తొడ కింద ఇంజను వేడి, పాదం కింద ఇనుము, అంతే. బండి ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకున్నట్టయింది. కొట్టుకోవడం నిలకడ మీదికొచ్చింది. ఎక్కింది. నడిమధ్యకి ఎక్కింది.

అవతల వాలులో స్కూటర్ తనంతట తానే పరుగెత్తింది. "ఓయ్ దొరా, వెనకబడ్డావేం!" అని బావ గాలిలోకి కేక పెట్టాడు. దొర బిగ్గరగా నవ్వాడు. తన నవ్వు అంత పెద్దదని అతనికే తెలియదు. వాలు కిందికి దిగి స్కూటర్ వేగం తగ్గేసరికి మళ్ళీ వెనకాలే ఉన్నాడు, మళ్ళీ కాలు ఆనించాడు. ఇన్నేళ్ళూ పైవాడిని అడిగాను గానీ, ముందు బండి మీద కూర్చున్నవాణ్ణి ఒక్కసారి అడగలేదే, అన్న ఆలోచన అప్పుడొచ్చింది. ఇది పైవాడు ఇచ్చిందా, బావ ఇచ్చిందా అన్నది తేలలేదు. తేల్చుకోవాలని కూడా అనిపించలేదు.

ప్రతిరోజూ తను వెనక్కి తిరిగే మలుపు వచ్చింది. ఆ రోజు తిరగలేదు. మొదటిసారి వీధి లోపలికి, బావ ఇంటి గుమ్మం దాకా తోసుకెళ్ళాడు.

వ్యాను సిద్ధంగా ఉంది. మంచం, ఒక ట్రంకు, రెండు మూటలు ఎక్కించి తాళ్ళు కట్టేశారు. గది తలుపు తెరిచి ఉంది. లోపల మేకులు తప్ప ఏమీ లేవు. స్కూటర్ని రేపు గేటు తాత వచ్చి తీసుకెళ్తాడు, అతనికే ఇచ్చేశాడు. బావ దాన్ని గోడ వారగా స్టాండు వేసి, దొర భుజం మీద చెయ్యి వేసి వ్యాను దాకా కుంటుతూ నడిచాడు.

"కాలు నొప్పెడుతోందా?" అన్నాడు.

"నీదా, నాదా?"

"నీదే."

"ఎత్తులో కాస్త పెట్టింది."

"ఆ రోజు నాకూ పెట్టింది. చెప్పలేదు," అన్నాడు బావ. ముందు సీటు ఎక్కి, కొయ్యబారిన కాలుని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. దొర చెయ్యి పట్టుకుని ఒకసారి గట్టిగా ఊపాడు. "సరిపోయిందిరా. ఇంక నాకు నువ్వేం బాకీ లేవు."

ఏదో ఇస్తే తిప్పి పంపకుండా ఆ మనిషి పుచ్చుకోవడం దొర చూడటం అదే మొదటిసారి.

వ్యాను కదిలింది. మలుపు తిరిగేదాకా కిటికీలోంచి బయటికి పెట్టిన పెద్ద చెయ్యి కనిపించింది. తర్వాత కనిపించలేదు. దొర మొహం తుడుచుకుని, తన బండి వైపు నడిచాడు.

గోడ వారగా స్కూటర్ చల్లగా, మౌనంగా నిలబడి ఉంది. దాని వెనక డొప్ప మీద, ఉప్పునీళ్ళ తడి ఆరిపోయి తెల్లగా తేలిన ఒక రబ్బరు బూటు అచ్చు, మడమ దగ్గర్నుంచి వేళ్ళ దాకా.