ఆయన ఉన్నారా?

"టై కట్టండమ్మా," అన్నాడు ఫోన్లో డిగ్బీ. మా పార్టీ విప్. "లోపల పత్రికలవాళ్లుంటారు."

ఆరు వారాలుగా మంచం దిగని మనిషికి టై కట్టాను. కాలర్లో నా పిడికిలి పట్టింది, మా ఆయన నార్మన్ మెడ అంత సన్నబడిపోయింది. ఈ పార్లమెంటులో జబ్బుపడ్డ సభ్యుడు సభలోకి నడిచి రానక్కర్లేదు. అంబులెన్స్ లోపలి ఆవరణలోకి వస్తే సరి. రెండు పార్టీల విప్‌లూ తొంగిచూసి, ప్రాణం ఉందని తేల్చుకుని తల ఊపుతారు. ఓటు పడినట్టే. తెలివి లేకపోయినా లెక్కే.

ఆ సాయంత్రం యూరప్ దేశాల కూటమిలో చేరాలనే బిల్లు. మన చట్టం పైదా, వాళ్ల చట్టం పైదా తేల్చే ఓటు. మా పార్టీ వద్దంటోంది. "ఒక్క ఓటు తేడాతో పోయేలా ఉందమ్మా," అన్నాడు డిగ్బీ. డాక్టరు కదపొద్దన్నాడు. ఆయన మాట ఎవరూ వినలేదు. నన్నయితే అడగనే లేదు.

"మన ఇంట్లో ఏం జరగాలో పక్కింటివాడు చెబుతాడా?" నార్మన్ నోట ఆ మాట వచ్చినప్పుడల్లా సభలు చప్పట్లతో ఊగిపోయేవి. అది రాసింది నేను. వంటింట్లో, బంగాళదుంపల తొక్కల పక్కన టైపు మిషన్ పెట్టుకుని. పదిహేడేళ్ల ఉపన్యాసాలు, నియోజకవర్గం ఉత్తరాలకి జవాబులు, అన్నీ నేనే. "కోడలుండగా సెక్రటరీ దేనికీ?" అనేది మా అత్తగారు. అతిథుల ముందు నార్మన్, "ఎనిడ్‌కి రాజకీయాలు పట్టవు, పుడింగ్ గురించి అడగండి," అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. అదీ ఇంటిపనే.

నాకూ ఒక అభిప్రాయం ఉండేది. మా తమ్ముడు సిరిల్ ఇరవయ్యో ఏట యుద్ధంలో హాలండ్ మట్టిలో కలిశాడు. ఈ దేశాలన్నీ ఒకే బల్ల చుట్టూ కూచుని తిట్టుకున్నా నయమే, తుపాకులు ఎత్తకుండా ఉంటాయి కదా అనుకునేదాన్ని. ఒకసారి నార్మన్‌తో అన్నాను కూడా. అతను పేపరు దించకుండా, "టీ చల్లారింది," అన్నాడు. నేను టీ వెచ్చబెట్టి, యూరప్ వద్దనే ఉపన్యాసం ఇంకొకటి టైపు చేశాను.

అంబులెన్స్ వెనక మేమిద్దరమే. వంతెన మీద నార్మన్ కళ్లు తెరిచాడు.

"ఎనిడ్, ఇంటికి పోదాం."

"ఓటు పడగానే పోదాం. ఒక్క గంట ఓర్చుకో."

మళ్లీ అదే అన్నాడు, ఈసారి పెదాలతోనే. నేను దుప్పటి సర్దాను. డ్రైవరుకీ మాకూ మధ్యనున్న అద్దం మీద ఒక్క దెబ్బ కొడితే అతను బండి తిప్పేవాడు. కొట్టలేదు. పార్టీ చెప్పింది చెయ్యడం అలవాటైన చెయ్యి అది. ఈ రోజుకీ ఆ చేతిని చూస్తే నాకు అసహ్యం.

గేటు దాటేసరికి నా చేతిలో అతని చెయ్యి బరువెక్కింది. ఎంతసేపు చెవి పెట్టినా ఛాతీలో ఏమీ వినిపించలేదు.

ఓటింగ్ గంట మోగుతోంది. డిగ్బీ ఎక్కి చూశాడు, చూడగానే తెలిసిపోయింది. తలుపు దగ్గరికి లాగి, గొంతు తగ్గించాడు.

"పది నిమిషాలమ్మా. నిద్రపోతున్నారనండి. అవతలి విప్ మర్యాదస్తుడు, మీ మాట కాదనడు. నార్మన్ దీనికోసమే బతికాడు, మీకు తెలీదా?"

నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది, రాసిందంతా నేనైతే.

తలుపు తెరుచుకుంది. అవతలి విప్ వానలో టోపీ తీసి నిలబడ్డాడు. "క్షమించండి మేడమ్, అడగక తప్పదు. ఆయన ఉన్నారా?"

ఈ పార్లమెంటు నన్నొక ప్రశ్న అడగడం అదే మొదటిసారి. నార్మన్‌కి బదులుగా ఎన్ని వేల జవాబులు రాశానో. ఇది మాత్రం నన్నే అడుగుతున్నారు. బిల్లు గుర్తు రాలేదు, సిరిల్ కూడా గుర్తు రాలేదు.

"లేడు," అన్నాను. "ఇంటికి పోదామన్నాడు. నేను వినలేదు."

అవతలి విప్ తల దించుకుని వెళ్లిపోయాడు. డిగ్బీ మొహం ఎర్రబడింది. "పదిహేడేళ్లు ఆయన తిండి తిని, ఇదా మీరు చేసింది?"

ఆ తిండి వండింది నేనే. టై ముడి వదులు చేసి అద్దం మీద కొట్టాను.

"ఇంటికి పోనివ్వు నాయనా."

డ్రైవరు వెనక్కి తిరిగి డిగ్బీ వైపు చూశాడు.

"ఆయన్ని కాదు," అన్నాను. "నన్ను చూడు."