జర్మీనా తెరిచిన గది

చాండ్లర్‌లో ఆ జూలై సాయంత్రం దుమ్ము తుఫాను వచ్చి, పోలింగ్ జరుగుతున్న స్కూల్ జిమ్‌లో కరెంటు పోయింది. బ్యాలెట్లు అచ్చువేసే ప్రింటర్లు ఆగిపోయాయి. జనరేటర్ దారిలో ఉందని, వరుసలో ఉన్న అందరూ ఓటు వేయవచ్చని అధికారి చెప్పాడు. ఎప్పటికి వస్తుందో మాత్రం చెప్పలేకపోయాడు.

కాలేజీలో చదువుతున్న ప్రణవి ఆ రోజే మొదటిసారి పోలింగ్ సిబ్బందిలో చేరింది. వరుసలో ఆమె తల్లి రేణు కూడా ఉంది. పౌరసత్వం వచ్చాక రేణు వేయబోయే మొదటి ఓటు అది.

"ఈ ఉక్కలో ఎంతసేపని నిలబడతామే? నవంబర్‌లో ఎలాగూ పెద్ద ఎలక్షన్ ఉందిగా, అప్పుడు వేస్తాలే," అంది రేణు చెమట తుడుచుకుంటూ.

"మమ్మీ, ప్లీజ్, వెయిట్ చెయ్యి."

అప్పటికే కొందరు వెళ్లిపోతున్నారు. ప్రణవి పక్క కుర్చీలో పనిచేస్తున్న జర్మీనా అది చూసి లేచింది. ఆమె యాభై దాటిన పష్తూన్ మహిళ. ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చి చాలా ఏళ్లయింది. అధికారిని అడిగి కుర్చీలు తెచ్చి వరుస పొడుగునా వేసింది. ముసలివాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లు అందించింది.

"మీకిదంతా అలవాటేనా ఆంటీ?" అని ప్రణవి ఇంగ్లీషులో అడిగింది.

"అలవాటే. మా జిల్లాలో నేను టీచర్ని. ఒకసారి ఎన్నికలప్పుడు ఆడవాళ్లు విడిగా ఓటు వేసే గది తెరవడం కుదరదన్నాడు జిల్లా అధికారి. పనిచేసే ఆడమనిషి లేదట. నేనున్నానన్నాను. ఊళ్ల పెద్దలు ఒప్పుకోవాలన్నాడు. వాళ్లు కూర్చున్న జిర్గాకి వెళ్లాను."

"జిర్గా అంటే?"

"పెద్దల సభ. అందరూ ఒక మాట మీదికి వచ్చేదాకా లేవరు. ఇంట్లో ఆడవాళ్ల ఓట్లు కూడా మేమే వేస్తామన్నారు. మా మేనమామ లేచి, 'నా భార్యకు మా పొలం హద్దులు నాకంటే బాగా తెలుసు. తన ఓటు తను వేసుకోలేదా?' అన్నాడు. పొద్దు వాలేసరికి ఒప్పుకున్నారు."

చుట్టూ ఉన్నవాళ్లు మాటలు ఆపి వింటున్నారు.

"ఓటింగ్ రోజు పొద్దున్నే దూరంగా పేలుళ్లు. ఎవరూ రారనుకున్నాను. ఎండెక్కేసరికి గోడ పొడుగునా ఆడవాళ్లే. మధ్యలో బ్యాలెట్లు అయిపోయాయి. ఆ అధికారే జీపేసుకుని తేవడానికి వెళ్లాడు. ఆయన వచ్చేదాకా ఒక్కరూ కదల్లేదు. చంటిపిల్లలకు అక్కడే పాలిచ్చుకున్నారు."

గుమ్మం దాకా వెళ్లిన ఒక ముసలాయన వెనక్కి వచ్చి తన చోట నిలబడ్డాడు. రేణు కూతురి వైపు చూసింది.

"ఆ కుర్చీ ఇటు జరుపు," అని కూర్చుంది.

చీకటి పడుతుండగా జనరేటర్ వచ్చింది. రేణు ఓటు వేసి, ఓటేసినవాళ్లకిచ్చే స్టిక్కర్ గుండెల మీద అతికించుకుని నేరుగా జర్మీనా దగ్గరికి వెళ్లింది.

"మీ జిల్లా అధికారి మిమ్మల్ని మెచ్చుకున్నాడా?"

"ఒక్క మాటన్నా అనలేదు," అంది జర్మీనా. "కానీ తర్వాతి ఎన్నికలకు నేను అడక్కుండానే ఆడవాళ్లకు రెండు గదులు ఇచ్చాడు."

ఆ మాట తలెత్తి చెప్పి, వరుసలో తర్వాతి మనిషిని పిలిచింది.