అమ్మోనియా సీసా అప్పగింత

మా అక్క నోరీన్‌ను నడిరోడ్డున వదిలేసిన డెల్బర్ట్ చేతినుంచి నేను మంచినీళ్లు కూడా తీసుకోను. కానీ ఒహాయోలోని మా ఫ్యాక్టరీలో వాడి షిఫ్ట్ దిగితే నాది ఎక్కుతుంది. సోయా నూనెతో చేసిన ఎస్టర్ అనే ద్రవంలోకి క్లోరిన్ ఎక్కించే తొట్టి మా ఇద్దరి నెత్తినా పడింది. గ్యాసు లీకు పసిగట్టే అమ్మోనియా సీసా ఎవరి నడుముకు ఉంటే తొట్టి పూచీ వాళ్లది. మా దగ్గర అప్పగింత అంటే అదే.

ఆ రోజు వాడు సీసా చాపాడు.

"తీసుకో మరదలా. క్లోరిన్ పోతూనే ఉంది, తొట్టి మాత్రం చల్లగా ఉంది. నా చెయ్యి అలాంటిది."

"బావగారి చేతి మహిమ మా అక్కనడిగితే చెబుతుంది. ఉండు, ముందు చూడనీ."

క్లోరిన్ నూనెను పట్టుకుంటే వేడి పుట్టి తీరాలి. పుట్టలేదంటే పట్టుకోలేదన్నమాట. తొట్టి మీద చెయ్యి వేశాను. లోపల కవ్వం తిరుగుతున్న అదురే లేదు. నమూనా తియ్యడానికి ఆపి, మళ్లీ వెయ్యడం మరిచిపోయాడు దరిద్రుడు.

"కవ్వం తిరగడం లేదు," అన్నాను. వాడు సీసా మళ్లీ తన నడుముకు దోపుకుని కవ్వం స్విచ్ మీదికి చెయ్యి పోనిచ్చాడు. మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాను.

"ఇప్పుడు తిప్పావంటే పోగైన క్లోరిన్ అంతా ఒక్కసారే కలిసి తొట్టి పేలుతుంది. నువ్వు చస్తే నాకు పండగే. కానీ పక్కన నేనున్నాను."

"ఎవరికీ చెప్పకు. ఇంకో తప్పు దొరికితే నన్ను పీకేస్తారు."

"ముందు క్లోరిన్ కట్టెయ్."

కట్టేశాడు. నేను నైట్రోజన్ ఊది, మిగిలిన గ్యాసును, దాన్ని పీల్చేసే కాస్టిక్ సోడా నీళ్లలోకి తోలాను. ఆ చప్పుడుకి సూపర్‌వైజర్ హ్రోవట్ వచ్చింది.

"కవ్వం ఎవరు ఆపారు?"

"షిఫ్ట్ మారిపోయింది కదా మేడమ్," అన్నాడు డెల్బర్ట్, నా వైపు చూడకుండా. "తొట్టి ఈవిడదే. ఈవిడే ఆపి ఉంటుంది."

ఒళ్లు మండిపోయింది. ప్రాణం కాపాడిన చేతినే కరిచాడు. ఆ మాట నిలిస్తే పోయేది నా ఉద్యోగం. తిట్టడానికి నోరు తెరిచేలోపు హ్రోవట్ నా నడుము వైపు చూసింది. తర్వాత వాడి నడుము వైపు చూసింది.

"సీసా నీ దగ్గరే ఉంది డెల్బర్ట్. నా గదిలోకి రా."

వాడు సీసా తీసి నాకు చాపాడు.

"బల్ల మీద పెట్టి పో," అన్నాను.